నూలు వడికిన మాట

నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయంలో ఒక వాక్యం తప్పు. అచ్చుతప్పు కాదు, విషయమే తప్పు. నల్ల రెక్సిన్ అట్టతో, బంగారు అక్షరాలతో అది యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉంది. పరీక్షకులెవరూ ఆ వాక్యాన్ని పట్టుకోలేదు. సెమినార్లలో చదివిన ప్రతిసారీ సభలో ఒక నిట్టూర్పు, ఆ తర్వాత చప్పట్లు. నాకు చప్పట్లు తెచ్చిన వాక్యాలు చాలా తక్కువ. వాటిల్లో ఇదొకటి.

ఉజ్జాయింపు లెక్కని ఇంగ్లీషులో 'రూల్ ఆఫ్ థంబ్' అంటారు కదా. బొటనవేలి కన్నా లావు లేని కర్రతో భార్యని కొట్టచ్చని ఒకప్పటి ఇంగ్లీషు చట్టం అనుమతించిందనీ, ఆ మాట అక్కణ్ణించే పుట్టిందనీ రాశాను. ఎక్కడ చదివానో గుర్తులేదు. అందరూ అంటారు కాబట్టి నేనూ అన్నాను.

రెండేళ్ళ కిందట ఎమ్మే క్లాసులో భాషా రాజకీయాల గురించి చెబుతూ ఇదే మాట చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "ఏ చట్టం మేడమ్? ఏ సంవత్సరం?" అని అడిగింది. వెటకారంగా కాదు, నోట్సులో రాసుకోడానికి. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి మూడు నెలలు పట్టింది. అలాంటి చట్టం దొరకలేదు. దొరకలేదంటే వెతకడం చేతకాక కాదు, అది లేదు కాబట్టి.

ఆ నుడికారం 17వ శతాబ్దం నాటి రాతల్లోనే ఉంది. శాస్త్రం చూసి కాకుండా అనుభవంతో, అందాజుగా చేసే పని అనే అర్థంలోనే ఉంది. అందులో భార్యా లేదు, కర్రా లేదు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి బొటనవేలంత కర్రతో భార్యని కొట్టచ్చన్నాడని లండన్‌లో పుకారు పుట్టింది. జేమ్స్ గిల్‌రే ఆయన్ని 'జడ్జి థంబ్' అని పేరుపెట్టి కార్టూన్ వేశాడు. కానీ బుల్లర్ ఆ మాట అన్నట్టు ఏ తీర్పులోనూ నమోదు లేదు. ఆ పుకారునీ ఈ నుడికారాన్నీ కలిపి ముడేసింది 1970లలో, మన ఉద్యమ కాలంలోనే. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ భార్యల మీద హింస గురించి వేసిన నివేదికకి ఈ నుడికారాన్నే శీర్షికలో పెట్టింది. 1994లో క్రిస్టినా హాఫ్ సోమర్స్ స్త్రీవాదుల మీద రాసిన పుస్తకంలో దీన్నే ఆయుధం చేసుకుంది. చూడండి, వీళ్ళు ఎలా కథలల్లుతారో అని.

ఆవిడకి ఆ అవకాశం ఇచ్చిన వాళ్ళలో, ఆలస్యంగానైనా, నేనూ ఉన్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఎందుకంటే చట్టం ఉంది. ఆ నుడికారంలో కాదు, వేరేచోట. భర్త భార్యని మితంగా దండించే అధికారం పాత చట్టంలో ఉండేదని బ్లాక్‌స్టన్ 1765లో రాశాడు. 1824లో మిసిసిపీ సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని ఒప్పుకుంది. 1868లో నార్త్ కరోలినాలో వేలికన్నా లావు లేని బెత్తంతో భార్యని కొట్టిన భర్తని కింది కోర్టు వదిలేస్తే, పైకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. 1874లో అదే రాష్ట్రపు పైకోర్టు బొటనవేలి సిద్ధాంతం ఇక చెల్లదంటూనే, శాశ్వతమైన గాయమేమీ కానప్పుడు తెర దించేసి వాళ్ళని వాళ్ళకే వదిలెయ్యడం మేలంది. ఈ తీర్పులు కాగితం మీద ఉన్నాయి, తేదీలతో సహా. నేను వాటిని చదవలేదు. చదవాల్సిన అవసరం లేకుండా ఒక నుడికారం నాకు అడ్డు నిలబడింది. మాటకి కట్టిన కట్టుకథ, ఆ కథ దేన్ని చూపించాలో దాన్నే కప్పేసింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 'వుమన్' అంటే గర్భమున్న మనిషి అని చెప్పే టీచర్లని నేనెరుగుదును. మగవాడికి దుఃఖం తెచ్చేది కాబట్టి ఆ పేరని 16వ శతాబ్దంలోనే మగవాళ్ళు శ్లేష కట్టి నవ్వుకున్నారు. రెండూ నిజం కాదు. పాత ఇంగ్లీషులో 'విఫ్' అంటే స్త్రీ, 'మన్' అంటే మనిషి. ఆ రెండూ కలిసి 'విఫ్‌మన్', అదే వుమన్ అయింది. మగవాడికి 'వెర్' అని వేరే మాట ఉండేది. అది చచ్చిపోయి, ఇప్పుడు తోడేలుగా మారే మనిషి 'వేర్‌వుల్ఫ్'లాంటి మాటల్లో మాత్రం మిగిలింది. 'ఫీమేల్' కూడా మేల్‌లోంచి పుట్టలేదు. లాటిన్‌లో స్త్రీకి ఉన్న 'ఫెమినా' అనే మాటకి ముద్దుపేరు 'ఫెమెల్లా'. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాక, పక్కనున్న మేల్‌ని చూసి 14వ శతాబ్దంలో తన స్పెల్లింగు మార్చుకుంది. పుట్టుకలో ఏ సంబంధం లేని మాట పక్కవాడి పేరు పెట్టుకుని, చివరికి వాడి పక్కటెముకలోంచి వచ్చినట్టు కనిపిస్తోంది. కట్టుకథ కన్నా ఈ నిజం ఎక్కువ మాట్లాడటం లేదూ?

మన భాషాశాస్త్రంలో దీనికి 'లోకనిరుక్తి' అని పేరుంది. మాటకి జనం తమకి తోచిన పుట్టుక కల్పించుకోవడం. అది తప్పని నవ్వేసే ముందు, ఎందుకు కల్పించుకుంటారో చూడాలి. మనకి చరిత్ర కావాలి. రికార్డుల్లో మనం లేం. ఉన్న ఆధారం భాష ఒక్కటే. కాబట్టి మాటని పిండి అందులోంచి మన చరిత్ర తీద్దామనుకుంటాం. ఆ ఆకలి నిజమైనదే. కానీ ఆకలికి ఏది పడితే అది తినిపిస్తే మన ఒంటికే చేటు.

ఇక ఆ మూడు నెలల వెతుకులాటలో నాకు దొరికిన నిజమైన మాటల దగ్గరికి వస్తాను. మొదటిది నా సొంత మాట.

నాకు ముప్ఫై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి కొత్తగా చేరినావిడకి నన్ను పరిచయం చేస్తూ, "మా డిపార్ట్‌మెంట్ స్పిన్‌స్టర్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అది ఇంకా బాధ. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ మాట తీసి చూశాను.

స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే ఆమె, అంతే. 14వ శతాబ్దంలో అదొక వృత్తి పేరు. పాత ఇంగ్లీషులో పనిచేసే స్త్రీని చెప్పే ప్రత్యయం ఒకటుండేది, దాని అవశేషమే చివరనున్న 'స్టర్'. నేత నేసే ఆమె వెబ్‌స్టర్, రొట్టెలు కాల్చే ఆమె బాక్స్‌టర్, ఏల్ అనే సారా కాచే ఆమె బ్రూస్టర్. ఉత్తర ఇంగ్లండ్‌లో తర్వాత మగవాళ్ళకీ ఈ ప్రత్యయం వాడారు. క్రమంగా ఇందులో ఆడతనం ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. ఎంతగా మర్చిపోయారంటే, కుట్టుపని చేసే 'సీమ్‌స్టర్' ఆడమనిషి అని చెప్పడానికి చివర ఇంకో స్త్రీ ప్రత్యయం తగిలించి 'సీమ్‌స్ట్రెస్' చేశారు. రెండుసార్లు ఆడది అంటే తప్ప ఆడది కాలేదు పాపం.

ఈ వృత్తి పేర్లు ఏమయ్యాయి? చాలా వరకు ఇంటిపేర్లయ్యాయి. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే ఇంటిపేర్లు. 1828లో అమెరికన్ ఇంగ్లీషుకి పెద్ద నిఘంటువు కట్టిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరు ఒకప్పుడు నేతగత్తె పేరు. ఆయన నిఘంటువు మన కాలేజీ లైబ్రరీలన్నిట్లో ఉంది, ఆ నేతగత్తె ఎక్కడా లేదు.

మరి ఆ స్త్రీలేమయ్యారు? జూడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి 1996లో బ్రూస్టర్ల మీద ఒక పుస్తకం వేసింది. 1300 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఏల్ కాచి అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇంట్లో కుండల్లో కాచి, మిగిలింది అమ్ముకునేవాళ్ళు. 1600 నాటికి ఆ వ్యాపారం చాలాచోట్ల మగవాళ్ళ చేతిలో ఉంది. హాప్స్ వేసిన బీరు వచ్చింది, అది ఎక్కువరోజులు నిలవుంటుంది. దాంతో పెద్ద గంగాళాలు, పెద్ద పెట్టుబడి, అప్పు పుట్టించే పరపతి, వృత్తి సంఘాల్లో సభ్యత్వం అవసరమయ్యాయి. ఇవేవీ ఆడదానికి సులభంగా దొరికేవి కావు. ఎవరూ ఆమెని తరిమెయ్యలేదు. పని పెద్దదైంది, లాభం పెరిగింది, ఆమె మిగల్లేదు. బ్రూస్టర్ అనే మాట వృత్తి పేరుగా వాడుకలోంచి పోవడం వెనక ఇంత కథ ఉంది.

స్పిన్‌స్టర్ మాత్రం మాసిపోలేదు. పెళ్ళికాని స్త్రీ బతకడానికి నూలు వడకడం ఒక దారి. కోర్టు కాగితాల్లో పేరు పక్కన వృత్తి రాసే ఆచారం ఉండేది. రాసీ రాసీ 17వ శతాబ్దానికి ఆ మాట పెళ్ళికాని స్త్రీకి చట్టబద్ధమైన హోదా పేరయింది. 18వ శతాబ్దం మొదట్లోనే 'ముదిరిపోయిన కన్య' అనే వెక్కిరింతగా మారింది. ఇంగ్లండ్ పెళ్ళి రిజిస్టర్లలో 2005 దాకా వధువు పేరు పక్కన ఈ మాటే రాసేవాళ్ళు.

ఇక్కడొక సంగతి మరవకూడదు. ఇంగ్లీషు చట్టంలో పెళ్ళయిన స్త్రీ భర్త కింద 'కప్పబడిన' మనిషి. ఆమె ఆస్తి, ఆమె సంపాదన ఆయనవి. తన పేరుతో ఒప్పందం చేసుకోలేదు, దావా వెయ్యలేదు. 1882 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం దాకా ఇంచుమించు ఇదే పరిస్థితి. పెళ్ళికానామె మాత్రం 'ఒంటరి స్త్రీ'గా చట్టం ముందు ఒక మనిషి. కొనగలదు, అమ్మగలదు, సంతకం పెట్టగలదు. అంటే స్పిన్‌స్టర్ అన్న మాట ఒకప్పుడు పనినీ, సొంత సంతకాన్నీ కలిపి చెప్పిన మాట. సరిగ్గా ఆ రెండూ ఉన్న ఆడదాన్ని చూసే లోకం నవ్వింది. అదే కాలంలో 'బ్యాచిలర్' అనే మాటకి ఏ మచ్చా అంటలేదు. కుర్ర నైటు దగ్గర మొదలై యూనివర్సిటీ పట్టా దాకా ఎదిగింది. నేను బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్ పట్టా పుచ్చుకున్నాను, కానీ బ్యాచిలర్ని కాలేకపోయాను.

మాట అర్థం దిగజారడాన్ని ఎమ్మే తెలుగు విద్యార్థులు 'అర్థగ్రామ్యత' అని బట్టీ పడతారు. మ్యూరియల్ షుల్జ్ 1975లో ఒక వ్యాసం రాస్తూ, ఇంగ్లీషులో స్త్రీలని చెప్పే మాటలకి ఈ దిగజారడం ఒక పద్ధతి ప్రకారం జరుగుతుందని చూపించింది. 'హౌస్‌వైఫ్' ఇంటి యజమానురాలు. అదే మాట అరిగి 'హస్సీ' అయి, సిగ్గులేనిది అనే తిట్టయింది. 'హార్లట్' మొదట్లో మగవాడు, దేశదిమ్మరి. ఛాసర్ కాంటర్‌బరీ కథల పీఠికలో కూడా మగవాడికే వాడాడు. ఆ తర్వాత ఆడవాళ్ళ మీదకి మళ్ళి వేశ్య అన్న అర్థం తెచ్చుకుని అక్కడే స్థిరపడిపోయింది. 'ష్రూ' కూడా మొదట దుర్మార్గుడే. ఆ మాట గయ్యాళి పెళ్ళానికి మిగిలింది. దాంట్లోంచే పుట్టిన 'ష్రూడ్' మాత్రం చురుకైన వ్యాపారస్తుడికి మెచ్చుకోలయింది. చెడ్డ అర్థాన్ని ఆడవాళ్ళకి వదిలేసి, మంచి అర్థాన్ని మగవాడు పట్టుకుపోయినట్టు. 'గర్ల్' అన్న మాట 1300 ప్రాంతంలో ఏ పిల్లలకైనా చెల్లేది, మగపిల్లాడు కూడా గర్లే. రాణిని చెప్పే 'క్వీన్' పక్కనే అలాగే పలికే ఇంకో 'క్వీన్' ఉండేది, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. పాత ఇంగ్లీషులో రెండూ స్త్రీ అనే అర్థానికి సంబంధించిన అక్కచెల్లెళ్ళు. ఒకటి సింహాసనం ఎక్కింది, రెండోది వీధినపడి మాసిపోయింది.

ఈ చివరిది చదివినప్పుడు నాకు మన 'సాని' గుర్తొచ్చింది. అర్థగ్రామ్యతకి మన పాఠ్యపుస్తకాల్లో స్థిరంగా ఉండే ఉదాహరణ అది. స్వామినికి వికృతి సాని. కాకతీయుల కాలంలో పిల్లలమర్రి గుడి కట్టించిన ఎరకసానమ్మ పేరులో అది గౌరవం. దొరసానిలో ఇప్పటికీ పెత్తనమే. గుడి సానులు ఆనాటి శాసనాల్లో దాతలుగా, సొంత ఆస్తి ఉన్నవాళ్ళుగా కనిపిస్తారు. పాఠ్యపుస్తకం ఇదంతా చెప్పదు. 'గొప్ప అర్థం పోయి నీచార్థం వచ్చింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, పాలు విరిగినట్టు దానంతటదే జరిగిందన్నట్టు. ఆ నీచం ఎవరు చేర్చారు, ఎవరి ఆస్తి పోయాక చేర్చారు అని ఏ పరీక్షలోనూ ప్రశ్న రాదు.

పైగా ఆ పారిభాషిక పదాన్నే చూడండి. అర్థం చెడిపోవడానికి 'గ్రామ్యత' అని పేరు. పల్లెటూరి మనిషిలా అవడమే చెడిపోవడం! ఇంగ్లీషు ఈ విషయంలో మనకేం తీసిపోదు. 'విలన్' అంటే మొదట దొర భూమిలో పనిచేసే పల్లెటూరి రైతు. 'నేవ్' అంటే కుర్రాడు, తర్వాత పనివాడు, ఆ తర్వాత మోసగాడు. కుర్రాడు, సేవకుడు అన్న అర్థాలతోనే మొదలైన 'నైట్' మాత్రం గుర్రమెక్కి, భూమి సంపాదించి ప్రభువర్గంలో కలిసిపోయింది. కాబట్టి షుల్జ్ చెప్పింది నిజమే కానీ సగం నిజం. దిగజారింది ఆడవాళ్ళ మాటలు మాత్రమే కాదు, ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళ మాటలు కూడా. స్పిన్‌స్టర్ రెండు లెక్కల్లోనూ పడింది. మనం స్త్రీ అనే ఒక్క గీతనే గీసి మాటల చరిత్ర చదివితే విలన్ మనకి కనపడడు. వాణ్ణి కనకపోతే పొలంలో వాడి పక్కనే నాట్లేసిన ఆవిడా కనపడదు.

ఇంకొక్క మాట. 'గాసిప్' అంటే మొదట దేవుడి సాక్షిగా చుట్టమైన మనిషి, బిడ్డ బాప్టిజానికి నిలబడే వ్యక్తి. ఆ తర్వాత పురిటి సమయంలో తోడుండటానికి పిలిచే ఆప్తురాలు. పురిటిగదిలోకి మగవాళ్ళకి ప్రవేశం లేదు. లోపల ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో బయటివాళ్ళకి తెలీదు. తెలీనిదాన్ని పనికిమాలిన కబుర్లన్నారు. 19వ శతాబ్దానికి మనిషి పోయి కబుర్లే ఆ మాటకి అర్థమయ్యాయి. మనకి 'అమ్మలక్కలు' లేరూ? అమ్మ, అక్క. తెలుగులో ఇంతకన్నా దగ్గరి మాటలు ఏమున్నాయి? ఆ రెంటినీ కలిపితే మాత్రం బావి దగ్గర చేరి ఊళ్ళోవాళ్ళ గుట్టు విప్పే గుంపని అర్థం వస్తోంది. ఒక్కో ఆడది పూజనీయురాలు, నలుగురు కలిస్తే ప్రమాదం. రెండు భాషలూ ఒకరినొకరు అడక్కుండానే ఈ తీర్పుకి వచ్చాయి.

ఇవన్నీ నాకు ఇచ్చింది ఒక నిఘంటువే, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు. అది కూడా నిర్మలంగా ఏమీ పుట్టలేదు. 1884లో మొదటి భాగం వస్తే 1928కి పూర్తయింది. మాటలకి ప్రయోగాలు ఏరి చీటీల మీద రాసి పంపింది ఊరూరా ఉన్న పాఠకులు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. ఎడిత్ థామ్సన్, ఆమె చెల్లెలు కలిసి మొదటి సంపుటానికే 15,000 ప్రయోగాలు పంపారు. సంపాదకుడు జేమ్స్ మరే కూతుళ్ళు ఏళ్ళ తరబడి చీటీలు సర్దారు. పని పూర్తయ్యాక 1928 జూన్ 6న లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ హాల్లో ప్రధానమంత్రి స్టాన్లీ బాల్డ్‌విన్ సహా పెద్దలందరికీ విందు జరిగింది. ఆ బల్లల దగ్గర ఆడవాళ్ళకి చోటు లేదు. ఎడిత్ థామ్సన్, మరే కూతురు రాస్‌ఫ్రిత్, ఇంకో సంపాదకుడు బ్రాడ్లీ కూతురు ఎలెనార్ పైన బాల్కనీలో కూచుని చూశారు. నెల తిరక్కముందే బ్రిటన్‌లో ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా ఓటుహక్కు వచ్చింది. ఓటు ఇవ్వడం కన్నా పక్కన కూచోబెట్టి అన్నం పెట్టడమే కష్టమైందన్నమాట.

ఆ మహా నిఘంటువు మొదటి సంపుటంలో ఒక మాట జారిపోయింది. దాని చీటీలు పోయాయి. సంపుటం అచ్చయి ఏళ్ళు గడిచాక, 1901లో, ఎవరో అడిగితే గాని సంపాదకులకి తెలియలేదు. ఆ మాట 'బాండ్‌మెయిడ్'. కట్టుబానిసగా బతికే ఆడమనిషి. 1933 అనుబంధంలో గాని దానికి చోటు దొరకలేదు. ఇందులో కుట్ర ఉందని నేననను. మూడేళ్ళ కిందటయితే తప్పకుండా అనేదాన్ని, చప్పట్లూ వచ్చేవి. పోయింది పొరపాటునే. కానీ పోయిన సంగతి అన్నేళ్ళు ఎవరికీ తట్టకపోవడం మాత్రం ఒట్టి పొరపాటు కాదు.

కొందరు మిత్రులు అంటారు, మూలార్థాలు తవ్వితీసి మన మాటల గౌరవం మనం తిరిగి తెచ్చుకుందామని. నాకా నమ్మకం పోయింది. స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే ఆమె అని స్టాఫ్ రూములో చెబితే ఆ సహోద్యోగి నవ్వు ఆగదు. మాట అర్థం దాని పుట్టుకలో ఉండదు, ఇవాళ వాడేవాడి నోట్లో ఉంటుంది. చరిత్ర చెయ్యగలిగింది ఇంకోటి ఉంది. ఈ వెక్కిరింత లోక సహజం కాదనీ, ఒక కాలంలో, ఒక పని చేతులు మారినప్పుడు, ఒక ఆస్తి పోయినప్పుడు వచ్చిందనీ చూపిస్తుంది. తేదీ ఉన్నదాన్ని నిలదీయగలం. కట్టుకథకి తేదీ ఉండదు.

లైబ్రరీలో ఉన్న నా గ్రంథాన్ని దిద్దే వీలు లేదు, అడిగి చూశాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను, దాన్ని ఎవరైనా ఉదహరించబోతే ఆగుతారని. ఆ అమ్మాయికి మూడు నెలల తర్వాత చెప్పాను, నేను చెప్పింది తప్పని, అలాంటి చట్టం లేదని. ఆమె నోట్సు తీసింది. 'రూల్ ఆఫ్ థంబ్' అని రాసి, దాని పక్కన చట్టం పేరు కోసం, సంవత్సరం కోసం చోటు వదిలిపెట్టి ఉంది. నుడికారం కొట్టేసి, ఆ ఖాళీలో నేను చెబుతుంటే రాసుకుంది: మిసిసిపీ, 1824. నార్త్ కరోలినా, 1868, 1874.

"ఇవి చదవడానికి దొరుకుతాయా మేడమ్?" అంది.

దొరుకుతాయన్నాను.